జూమ్ ఏదైనా జాతర ఒకటే

పటాలు చేసే పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. హైదరాబాద్‌లో ఈ పనికి కరువు లేదు. బాలానగర్‌లో ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది, ఆ రెంటికీ మధ్య ట్రాఫిక్‌లో ఇరుక్కున్న నాబోటివాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటర్నెట్ పటాలు చేద్దామని కొత్తగా వచ్చే పిల్లలకు నా అనుభవసారం పంచిపెట్టకపోతే అది నాతోనే పోతుంది. పోతే పోనీ అని మా ఆఫీసులో కొందరన్నారు. వాళ్ల మాట పట్టించుకోకండి.

ముందు కాస్త లెక్క. ప్రతి వెబ్ పటానికీ ఒక మూల ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. అదే జూమ్. సున్నా జూమ్‌లో, ధ్రువాల కొసలు తప్ప, ప్రపంచమంతా 256 చుక్కల (పిక్సెళ్ల) పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒకే పలకలో ఒదుగుతుంది. ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ప్రతి పలకా నాలుగవుతుంది. ఏడో జూమ్‌కి 16,384 పలకలు. పద్దెనిమిదికి 6,871 కోట్ల పైచిలుకు. నేల మీదికి దిగి చూస్తే, హైదరాబాద్ దగ్గర ఏడో జూమ్‌లో తెర మీది ఒక చుక్క దాదాపు 1,170 మీటర్లు. పదో జూమ్‌లో 146 మీటర్లు. పదిహేనులో నాలుగున్నర మీటర్లు. పద్దెనిమిదిలో రెండడుగులకు కాస్త తక్కువ. అదే చుక్క ఒకచోట ఊరంత, ఇంకోచోట గడపంత.

దీన్నుంచి మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఏం తేల్చిందంటే, ఏడో జూమ్ పటం, పద్దెనిమిదో జూమ్ పటం రెండూ వేరువేరు పటాలట. మొదటిది చూసేవాడు ‘ఏ జిల్లాలో చెరువులెక్కువ’ అని అడుగుతాడట, రెండోది చూసేవాడు ‘మా చెరువు తూము ఎక్కడ’ అని అడుగుతాడట. నేను ఒప్పుకోలేదు. పేరు ఒకటే, లోగో ఒకటే, బిల్లు ఒకటే. రెండు పటాలెలా అవుతాయి?

ఏదీ వదలకండి

తెలంగాణ చెరువుల పటం చేసే పని ఒకసారి మాకు వచ్చింది. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం నాడు తేలిన లెక్క ప్రకారం చెరువులు, కుంటలు కలిపి 46,531. డేటా 46,531 అంటే పటం మీదా 46,531 ఉండాలి. అన్ని జూమ్‌లలోనూ ఉండాలి. ఇది నా మొదటి సూత్రం, నిజానికి ఒకే సూత్రం. మిగిలినవన్నీ దాని పిల్లలు.

ఏడో జూమ్‌లో రాష్ట్రమంతా తెర మీద కనిపిస్తుంది. 1,12,077 చదరపు కిలోమీటర్ల తెలంగాణకు అక్కడ దొరికే జాగా సుమారు 82 వేల చుక్కలు. లీఫ్‌లెట్ లైబ్రరీతో ఉచితంగా వచ్చే నీలం పిన్ను 25 చుక్కల వెడల్పు, 41 చుక్కల ఎత్తు. పిన్ను చుట్టూ పెట్టె గీసి లెక్కేస్తే 46,531 పిన్నులకు నాలుగు కోట్ల 76 లక్షల చుక్కలు కావాలి. భాగారం చేసి చూడండి: తెలంగాణ మీద పిన్నులు దాదాపు 580 పొరలుగా పేరుకుంటాయి. రాష్ట్రం కనిపించదు, చెరువూ కనిపించదు, నీలం రంగు కనిపిస్తుంది. నీళ్ల పటానికి నీలం కంటే ఏం కావాలి?

అమ్మాయి ఇంకో పథకం పట్టుకొచ్చింది. ఎనిమిదో జూమ్ దాకా చెరువులే వద్దట. 33 జిల్లాలకు చెరువుల సంఖ్యను బట్టి లేత నీలం, ముదురు నీలం వేస్తే చాలట. తొమ్మిదిలో రామప్ప, పాకాల, లక్నవరం లాంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులు పేర్లతో. పదకొండుకొచ్చేసరికి వంద ఎకరాలు దాటిన ఆయకట్టున్నవి. పదమూడులో కుంటలతో సహా అన్నిటి గట్లూ, నీటి అంచులూ. పదహారు దాటాక కట్ట, తూము, మత్తడి, పంట కాలువ. నేను విని, ‘‘అంటే కుంటలకు పదమూడో జూమ్ దాకా ప్రవేశం లేదన్నమాట’’ అన్నాను.

‘‘అప్పటిదాకా వాటికి కనిపించేంత ఒళ్లు లేదు సార్. రెండెకరాల కుంట ఏడో జూమ్‌లో చుక్కలో నూట అరవయ్యో వంతు కూడా ఉండదు’’ అంది.

‘‘ఒళ్లు లేనిదాన్ని చిన్నచూపు చూస్తామా?’’ అన్నాను. ఆమె దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పలేదు.

ఇంకోరోజు ఫ్రీడ్రిష్ ట్యోప్ఫర్ అనే జర్మన్ పటకర్త సంగతి ఎత్తింది. ఆయన 1960లలోనే ఒక సూత్రం ఇచ్చాడు: స్కేలు ఎన్ని రెట్లు తగ్గితే, ఆ సంఖ్య వర్గమూలమన్ని రెట్లు పటం మీది వస్తువులూ తగ్గాలి. ఒక జూమ్ వెనక్కి వస్తే స్కేలు సగమవుతుంది కాబట్టి వందలో డెబ్బై మిగలాలి. రెండు వెనక్కి వస్తే సగం. పదమూడో జూమ్‌లో 46,531 ఉంటే ఏడుకి ఆరు మెట్లు దిగేసరికి ఎనిమిదో వంతు, అంటే 5,816. ‘‘ఎన్ని ఉంచాలో ఆయన చెప్పాడు సార్, ఏవి ఉంచాలో మనం తేల్చుకోవాలి’’ అంది. తేల్చుకోవడమంటే బాధ్యత. వదిలేసిన 40,715 చెరువుల్లో ఏదో ఒకటి ఎవరో ఒక ఎమ్మెల్యే గారి ఊళ్లోది కాకుండా పోదు. అన్నీ పెట్టేస్తే ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే ఎవరికీ ఏమీ కనిపించదు.

కాగితం పటాల రోజుల్లో కూడా ఈ వదిలేసే జబ్బుండేది. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దేశాన్ని గడులుగా కోసి నంబర్లిచ్చారు. పది లక్షలకు ఒకటి స్కేలులో మనది 56వ షీటు. దాన్ని పదహారు ముక్కలు చేస్తే రెండున్నర లక్షలకు ఒకటి స్కేలులో 56 కె. దాన్ని మళ్లీ పదహారు చేస్తే యాభైవేలకు ఒకటిలో 56 కె/7, చార్మినార్ ఉన్న షీటు. మూడిట్లోనూ అదే నేల. కాని 56 కె/7లో ఉన్న బావి, గుడి, బండ్లబాట 56 కెలో వెతికితే సగానికి సగం ఉండవు. 56లో ఇక అడక్కండి. ఒక్కో స్కేలుకీ డ్రాఫ్ట్స్‌మన్ కూర్చుని ఏది ఉంచాలో, ఏది తియ్యాలో, ఏ రోడ్డు వంపును సాపు చెయ్యాలో చేత్తో తేల్చి మళ్లీ గీసేవాడు. దీన్ని జనరలైజేషన్ అనేవారు. నా ఉద్దేశంలో వాళ్లకు ఇంకు పొదుపు చెయ్యమని పైనుంచి ఆర్డరు ఉండి ఉంటుంది. మనకు ఇంకు ఖర్చు లేదు కదా, మనకెందుకు పొదుపు?

గుర్తు పెద్దదిగా ఉండాలి, ఎప్పుడూ ఒకేలా ఉండాలి

చార్మినార్ ఒక్కో పక్క ఇరవై మీటర్లు. పద్దెనిమిదో జూమ్‌లో అది తెర మీద 35 చుక్కలు. పదిహేనులో నాలుగు చుక్కల పైన. పదిలో చుక్కలో ఏడో వంతు. నాలుగు మినార్ల బొమ్మతో 32 చుక్కల వెడల్పున్న గుర్తు ఒకటి చేయించి దాన్ని అన్ని జూమ్‌లలోనూ పెట్టండి. పదో జూమ్‌లో ఆ గుర్తు నేల మీద ఆక్రమించే మేర నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది. మక్కా మసీదు, మదీనా చౌరస్తా, సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యలో మూసీ, అన్నీ దాని కింద సుఖంగా ఉంటాయి. ఏడో జూమ్‌లో 37 కిలోమీటర్ల చార్మినార్. 1591లో కులీ కుతుబ్ షా కూడా ఇంత కలగనలేదు.

కొందరు ఆ గుర్తును పద్నాలుగో జూమ్ దాకా చిన్న చుక్కగా, అక్కడి నుంచి బొమ్మగా, పదిహేడు దాటాక బొమ్మ తీసేసి కట్టడం పునాది ఆకారాన్నే గీసి చూపిస్తారు. దగ్గరికొచ్చాక అసలు కట్టడమే కనిపిస్తుంటే మళ్లీ బొమ్మెందుకని వాళ్ల వాదన. పెళ్లికొడుకు ఎదురుగా ఉన్నాడని గోడమీది పెళ్లి ఫోటో తీసేస్తామా?

రోడ్లకూ ఇదే న్యాయం. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. దాన్ని అన్ని జూమ్‌లలోనూ పది చుక్కల లావున గీయండి. పదో జూమ్‌లో అది కిలోమీటరున్నర వెడల్పు రోడ్డవుతుంది, సర్వీస్ రోడ్డు, పక్క ఊళ్లు కలుపుకుని. పద్దెనిమిదో జూమ్‌కొస్తే ఆరు మీటర్లకు కుంచించుకుని గ్రామీణ రోడ్డులా తేలుతుంది. ఎనిమిది వరసల రోడ్డు కదా అని ఎవరైనా అడిగితే, దగ్గరికి వెళ్లేకొద్దీ పెద్దవాళ్లంతా మామూలు మనుషుల్లాగే కనిపిస్తారని చెప్పండి.

హద్దుల దగ్గర ఉత్కంఠ

ఏది ఏ జూమ్‌లో మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో చెప్పక తప్పని పరిస్థితి వస్తే (పై అధికారి మొండికేస్తే వస్తుంది) దాన్నీ మన దారికి తెచ్చుకోవచ్చు.

అన్నిటికీ ఒకటే అంకె ఇవ్వండి. నేను పన్నెండు వాడతాను. పదకొండున్నర దాకా తెర మీద జిల్లా గీత తప్ప పురుగు కూడా కనిపించదు. పన్నెండు తగలగానే రోడ్లు, కాలువలు, బడులు, బస్టాపులు, కల్లు దుకాణాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, అన్నీ జాతర గేటు తీసినట్టు ఒక్కసారి మీదపడతాయి. ఫోను ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. చూసేవాడికి గుండె దడ. పటం చూస్తున్నానన్న స్పృహ కలిగేది అప్పుడే. నెమ్మదిగా ఒక్కో మెట్టు మీద ఒక్కో రకం రావడం, రంగు మెల్లగా చిక్కబడటం, గీత కొంచెం కొంచెంగా లావెక్కడం, ఇవన్నీ చూసేవాడికి తెలియకుండా జరిగిపోయే పనులు. తెలియని పనికి మెచ్చుకోలు ఎక్కడిది?

ఇంకో సొగసైన పద్ధతుంది. జిల్లాల లేయరును ఐదు నుంచి తొమ్మిది అని రాయండి. మండలాల లేయరును పది నుంచి అని రాయండి. కాగితం మీద చూస్తే తొమ్మిది తర్వాత పదే కదా, ఏ తప్పూ కనిపించదు. కాని ఇప్పటి వెక్టర్ పటాల్లో జూమ్ తొమ్మిది నుంచి పదికి దూకదు. వేలితో చిటికెడు చిటికెడుగా తొమ్మిది పాయింట్ మూడు, తొమ్మిది పాయింట్ ఏడు అంటూ పాకుతుంది. పైగా ఆ పటాలు గీసే లైబ్రరీల నియమం ప్రకారం కింది అంకె లేయరులో చేరుతుంది, పై అంకె చేరదు. అంటే తొమ్మిది తగలగానే జిల్లాలు మాయం, పది వచ్చేదాకా మండలాలు రావు. ఆ మధ్యలో తెలంగాణ నేల మట్టంగా, హద్దుల్లేకుండా, ఎవరిదీ కాకుండా ఉంటుంది. మా అధికారి ఒకాయన సరిగ్గా తొమ్మిదిన్నర దగ్గర వేలు తీసి, ‘‘ఇదేమిటి?’’ అన్నాడు. ‘‘సార్, సమైక్య దృష్టి’’ అన్నాను.

పలక సైజు సంగతి కూడా ఎవరికీ చెప్పకండి. కొన్ని లైబ్రరీలు 256 చుక్కల పలకతో లెక్కేస్తాయి, కొన్ని 512తో. ఒకదాని పది ఇంకోదానికి తొమ్మిది. పాత పటం అంకెలన్నీ కొత్తదానిలోకి ఉన్నవున్నట్టు ఎక్కించేస్తే ప్రతిదీ ఒక మెట్టు అటోఇటో అవుతుంది. కారణం వెతకడానికి కుర్రాళ్లకు రెండు వారాల పని.

గీతను చెక్కకండి, చెక్కితే విడివిడిగా చెక్కండి

భారతదేశ తీరరేఖ ఎంత అంటే మనం బళ్లో 7,516 కిలోమీటర్లని చదివాం. అది 1970లలో 45 లక్షలకు ఒకటి స్కేలు పటం మీద తీసిన లెక్క. ఇటీవల రెండున్నర లక్షలకు ఒకటి స్కేలుతో మళ్లీ కొలిచారు. 11,098 కిలోమీటర్లయింది. ఆంధ్రప్రదేశ్ 974 నుంచి 1,053కి పెరిగింది; గుజరాత్ దాదాపు రెట్టింపయింది. సముద్రం ఎక్కడికీ పోలేదు. దగ్గరనుంచి చూసేసరికి చిన్న పటంలో సాపుచేసిన మొగలు, పాయలు, ఇసుక తిన్నెల అంచులు లెక్కలోకొచ్చాయి. తట్టెడు మట్టి పోయకుండా మూడున్నర వేల కిలోమీటర్ల తీరం సంపాదించిన దేశం మనది. ఈ సంపదను ఐదో జూమ్‌లో చూసేవాడికి మాత్రం ఎందుకు దాచాలి? హంసలదీవి దగ్గర కృష్ణ ఒక్కో వంపునూ, కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఇసుక అంచునూ ప్రపంచ పటంలోనే పంపించండి. హోప్ ఐలాండ్ పొడవు సుమారు 16 కిలోమీటర్లు, ఐదో జూమ్‌లో అది మూడు నాలుగు చుక్కలు. ఆ మూడు నాలుగు చుక్కలు గీయడానికి వేల బిందువులు దిగుమతి చేసుకున్న ఫోను జన్మ ధన్యం.

దశాంశాలు కూడా కుదించకండి. అక్షాంశ రేఖాంశాల్లో ఐదో దశాంశం అంటే నేల మీద మీటరు పైచిలుకు. ఆరోది పది సెంటీమీటర్ల పైన. మా ఫైల్లో పదిహేను దశాంశాలుండేవి. పదిహేనో దశాంశం దాదాపు ఒక పరమాణువంత. చెరువు గట్టును పరమాణువు దగ్గరికి తెచ్చి పెట్టాం, ఆ చెరువును అంతకుముందు ఎంత పట్టించుకున్నారో, ఎంత పూడిపోనిచ్చారో అన్నది వేరే మాట. ఫైలు 220 ఎంబీ అయింది. పల్లెలో డేటా ప్యాకు రోజుకి ఒకటిన్నర జీబీ కదా, పటాన్ని రోజుకు ఆరుసార్లు చూడొచ్చు.

చివరికి ఒత్తిడికి లొంగి గీతను చెక్కాల్సొస్తే రెండు పేరున్న పద్ధతులున్నాయి. 1973 నాటి డగ్లస్, ప్యూకర్‌లది దారం పద్ధతి: రెండు కొసల మధ్య దారం లాగి పట్టుకుని, దారానికి మరీ దగ్గరున్న బిందువులను తీసేయడం. ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మహేస్ విశ్వలింగం గారు వయట్‌తో కలిసి 1993లో ఇచ్చినది త్రికోణాల పద్ధతి: ప్రతి బిందువూ తన ఇరుగుపొరుగు బిందువులతో కలిసి చేసే త్రికోణం ఎంతో చూసి, అతి చిన్న త్రికోణం ఉన్నవాడిని ముందు పంపించేయడం. రెండూ మంచివే, కాబట్టి వాటిని చెడగొట్టే కిటుకు చెప్తాను. మండలాలను ఒక్కొక్కటిగా విడదీసి ఒక్కోదాన్నీ దేనికది చెక్కండి. ఇద్దరు అన్నదమ్ముల పొలం మధ్య గట్టును పెద్దాడు ఒక రోజు, చిన్నాడు ఇంకో రోజు ఎవరిష్టానికి వాళ్లు వేసుకున్నట్టు, ఒకే హద్దుకు రెండు గీతలొస్తాయి. కొన్నిచోట్ల మండలాలు ఒకదాని మీద ఒకటెక్కుతాయి. కొన్నిచోట్ల మధ్యలో తెల్లటి సందు మిగులుతుంది, ఆ సందులో ఒక ఊరుంటుంది. హద్దును ఒకే గీతగా దాచి ఇద్దరికీ పంచే టోపోజేసన్ లాంటి ఏర్పాట్లు ఉన్నాయని అమ్మాయి చెప్తూనే ఉంది. సందులో ఊరి సర్పంచ్‌కి రెండు మండలాల ఆఫీసులకీ తిరిగే పని తప్పుతుంది కదా అన్నాను.

పేర్లు

ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే పటాన్ని పాడు చెయ్యడంలో ఇంత అవకాశం ఇంకెక్కడా లేదు. అందులోనూ తెలుగులో.

తెర చిన్నది, పేర్లు ఎక్కువ. రెండు పేర్లు ఢీకొంటే పటం ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని దాస్తుంది. దేన్ని ఉంచాలో మనం చెప్పాలి: జనాభాను బట్టో, రాజధాని, జిల్లా కేంద్రం, మండల కేంద్రం అన్న హోదాను బట్టో వరస ఇవ్వాలి. ఇవ్వకండి. ఇవ్వకపోతే ఫైల్లో ముందున్నదే గెలుస్తుంది. ఫైలు అకారాది క్రమంలో ఉంటుంది. ఇక చూడండి వేడుక. అన్నిటికంటే ముందు ‘అం’ అక్షరం వాళ్లు కూర్చుంటారు. హైదరాబాద్ పాపం ‘హ’ దగ్గర, వర్ణమాల చివర, బస్సు తలుపు పట్టుకు వేలాడుతుంటుంది. మా మొదటి పటంలో ఏడో జూమ్‌కి రాష్ట్ర రాజధాని ఉండవలసిన చోట ‘అంబర్‌పేట’ అని ఉంది. వరంగల్ లేదు, హనుమకొండ లేదు, సిద్దిపేట లేదు. ఆదిలాబాద్‌కు మాత్రం ఏ జూమ్‌లోనూ ఢోకా లేదు. అంబర్‌పేట వాళ్లొకరు ఫోను చేసి అభినందించారు కూడా.

తర్వాత పేర్ల పొడవు. జయశంకర్ భూపాలపల్లి, కుమురం భీం ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్ మల్కాజిగిరి. ఆరో జూమ్‌లో వీటిని రెండు వరసలుగా విరిచి రాయాలా, రాష్ట్రం చిన్నగా ఉన్నప్పుడు జిల్లా పేర్లే ఎందుకు అనుకుని వదిలేయాలా అని అమ్మాయి తర్జనభర్జన పడుతుంది. నేనైతే తొమ్మిది పాయింట్ల అక్షరంతో పూర్తి పేరు ఒకే వరసలో పెడతాను. ఇంగ్లీషు అక్షరం తొమ్మిది పాయింట్లలో బతుకుతుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. తొమ్మిది పాయింట్లలో అది చీమ తొక్కిన ఉగ్గుగిన్నె. ‘ప’ ఏదో ‘వ’ ఏదో ‘ష’ ఏదో తెలియదు. వరసకీ వరసకీ ఇంగ్లీషుకిచ్చిన ఎడమే ఇవ్వండి, పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుని తోరణం కడతాయి. పెద్ద అడవి పేరునో, కనుమల పేరునో ఇంగ్లీషు పటాల్లో అక్షరానికీ అక్షరానికీ దూరం జరిపి పరుస్తారు కదా, ఆ అందం మనకెందుకుండకూడదని నల్లమలకు అలాగే చేశాను. ‘ల్ల’కు ఒత్తు ఒక గుట్ట మీద, అక్షరం ఇంకో గుట్ట మీద పడింది.

వెక్టర్ పలకలతో బ్రౌజర్‌లోనే అప్పటికప్పుడు గీసే లైబ్రరీలు ఈ విషయంలో నాకు చాలాకాలం తోడు నిలిచాయి. అవి అక్షరాలను ఒక్కో యూనికోడ్ గుర్తుగా తెచ్చి పక్కపక్కన పేర్చేవి. కలిపి రాయడం వాటికి తెలియదు. రంగారెడ్డి ‘రంగారెడ్‌డి’, కొత్తగూడెం ‘కొత్‌తగూడెం’. అమ్మాయి పేర్లను సర్వరు దగ్గరే సరిగ్గా బొమ్మలుగా రాయించి పంపాలంది. వద్దన్నాను. పొల్లు విడదీసి రాస్తే పిల్లలకు చదవడం సులువు.

గుంపుల గురించి రెండు ముక్కలు

పిన్నులు మరీ ఎక్కువైతే గుండ్రటి గుంపులు చేసి మీద అంకె వేసే ప్లగిన్లున్నాయి. ఎనభై చుక్కల దూరంలో ఉన్నవన్నీ ఒకటవుతాయి. ఇది నాకు నచ్చదు, నిజాయితీ లేదు. కాని తప్పనిసరైతే ఒక ఉపాయం: చెరువు అసలు చోటు తెలియనప్పుడు ఊరి మధ్య బిందువే ఇచ్చేయండి. అప్పుడు ఒక ఊరి పదకొండు చెరువులూ ఒకే చోట, అదీ బడి పైకప్పు మీద పడతాయి. ‘11’ అని గుండ్రం కనిపిస్తుంది. నొక్కితే జూమ్ పెరుగుతుంది, మళ్లీ ‘11’. నొక్కితే మళ్లీ ‘11’. పద్దెనిమిది దాకా ‘11’. మనిషికి ఓర్పు నేర్పే పటం.

పరీక్ష

ఆఫీసులో, 27 అంగుళాల తెర మీద, ఫైబర్ కనెక్షన్‌తో, మీ ఇంటి గల్లీ దగ్గర పదిహేనో జూమ్‌లో చూడండి. బాగుంటుంది. అప్పుడే ఆపేయండి.

ఒక్కసారి మాత్రం నేను పొరపాటున ఫీల్డుకి వెళ్లాను. పటంలో ఉన్న ఒక చెరువు నేల మీద ఉందో లేదో చూసి రమ్మన్నారు. మధ్యాహ్నం రెండు, ఎండ, ఫోన్‌లో రెండు గీతల సిగ్నలు. పటం తెరిచాను. నీలం. జూమ్ చేశాను. ఇంకా నీలం. ఆ మండలం మీద నూట పన్నెండు పిన్నులు, దారి వాటి కింద ఉంది. తొమ్మిదిన్నర దగ్గర వేలు జారి రాష్ట్రమే పోయింది. బ్యాటరీ పద్నాలుగు శాతం.

బస్‌స్టాండు ఎదుట మిర్చి బజ్జీ బండి ఉంటే అక్కడ ఆగి అడిగాను. ‘‘ఏ చెరువు సారూ, ఊర చెరువా, కొత్త చెరువా?’’ అన్నాడు. పేరు చెప్పాను. బజ్జీలు కట్టే పాత పేపరు ముక్క ఒకటి చింపి, చెవిమీది పెన్నుతో గీశాడు. ఒక గీత: ‘‘ఇది మనం నిలబడ్డ తొవ్వ.’’ దాని మీద అడ్డంగా చిన్న గీత: ‘‘కల్వర్టు. దాటినంక ఎడమకు.’’ ఒక గుండ్రం, దాని కింద కర్ర: ‘‘వేపచెట్టు, దాని కింద పోచమ్మ.’’ తర్వాత వంకర గీత ఒకటి, పక్కన రెండు అలలు: ‘‘గదే కట్ట. ఎక్కితే నీళ్లు అగుపిస్తయి. మత్తడి దిక్కు పోకుండ్రి, బురద.’’ నాలుగు గీతలు, ఒక చెట్టు, ఒక అమ్మవారు. ఊరి పేరు కూడా రాయలేదు. ఉత్తరం ఎటో వెయ్యలేదు. స్కేలు లేదు.

పది నిమిషాల్లో కట్ట ఎక్కాను. నీళ్లు ఉన్నాయి. రెండు కొంగలున్నాయి. ఫోటో తీద్దామంటే ఫోను అప్పటికే చచ్చిపోయింది.

తిరిగొచ్చాక అమ్మాయి ఆ పేపరు ముక్కను అడిగి తీసుకుని తన డెస్కు మీద గాజు కింద పెట్టుకుంది. నేనెన్నిసార్లు చెప్పినా తియ్యడం లేదు. దాని మీద చెరువు ఒక్కటే ఉంది, మిగతా 46,530 ఏవని అడిగితే నవ్వుతుంది. ఓ మూల నూనె మరక కూడా ఉంది, అదేం లేయరో నాకిప్పటికీ అర్థం కాలేదు.